చెప్పి అమ్మిన సామాను



మా పాన్‌గల్ ప్రాంతములో పెండ్లి ముహూర్తములు దగ్గరపడితే అందరూ మొదట వెదికేది ఇన్నోవా బండినే. పెండ్లికూతురిని తీసుకొని రావడానికి అదే కావాలి. నెలలు నిండిన కోడలిని వనపర్తి ఆసుపత్రికి చేర్చడానికీ అదే కావాలి. బొంబాయికో హైదరాబాదుకో కూలిపనికి పోయినవారికి ఏమైనా జరిగినదని కబురు వస్తే, ఇంటిల్లిపాదీ ఎక్కి అర్ధరాత్రి బయలుదేరేది కూడా అందులోనే. మన పెద్దలు ఎడ్లబండ్లలో ప్రయాణము చేశారు. తరువాతివారు జీపుల వెనుక వ్రేలాడారు. 2000లో టొయోటా కంపెనీ వారి క్వాలిస్, 2005లో దాని స్థానములో ఇన్నోవా వచ్చాయి. కంపెనీ జపాన్ దేశానిదే అయినా, బండి తయారైనది మన పొరుగున కర్ణాటకలోని బిడదిలో.

ఈ నెల ఆ బండి లోపల ఉండే టర్బో అనే ఒక సామాను గురించి, అటువంటి సామాను విప్పి అమ్మే వ్యాపారము గురించి వ్రాయదలచాము. సంఘకాపరికి ఇంజన్ల సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చును. మన పిల్లలు పగలంతా ఆ షెడ్లలోనే ఉంటున్నారు. మన తల్లులు కూడబెట్టిన చిట్టీ డబ్బు ఆ బండ్లకే పోతున్నది. మన కుటుంబాలు ఆ బండ్లలోనే ఎక్కుతున్నాయి. గనుక ఈ సంగతి మనదే.

మా సంఘములో ఒక యువకుడు ఉన్నాడు. తండ్రి ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రీ. అబ్బాయి 1959లో వనపర్తి రాజభవనములో మొదలైన పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాడు. హైదరాబాదులో కొన్ని సంవత్సరాలు గ్యారేజీలో పనిచేసి, ఊరికి తిరిగి వచ్చి చిన్న రేకుల షెడ్డు వేసుకున్నాడు. పాత ఇన్నోవా ఒకటి కొన్నాడు. పని దొరికినప్పుడు కిరాయికి పంపుతాడు, మిగిలిన వేళల్లో దాని మీదనే ప్రయోగాలు చేస్తాడు. ప్రమాదాలలో దెబ్బతిన్న బండ్లను కొని, విప్పి, పనికివచ్చే సామాను అమ్మడము కూడా మొదలుపెట్టాడు.

ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత అతడు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నా బండి ఇంక జర గుంజాలె. మ్యాపింగు చేయిస్త, పెద్ద టర్బో ఏస్త. అమ్మ చిట్టీ ఎత్తియ్యనంటున్నది. మీరు ఒక మాట చెప్పాలె" అన్నాడు. తల్లి వెనుకనే నిలబడి ఉన్నది. ఆమె మా వైపు చూడకుండా కొంగు సర్దుకున్నది. ఎవరి పక్షమూ వహించక, ముందు ఆ సంగతి ఏమిటో మాకు వివరముగా చెప్పమని అడిగాము. ఆ సాయంత్రము అతని షెడ్డులో కూర్చొని మేము తెలుసుకొన్నది మీకూ చెప్తున్నాము.

కొలిమి తిత్తి వంటిది

ఊరి కమ్మరి కొలిమి మనలో చాలామంది చూసినదే. బొగ్గు ఎంత వేసినా గాలి లేకపోతే నిప్పు రాజుకోదు. తిత్తి ఊదగానే అవే బొగ్గులు తెల్లగా మండి నాగటి కర్రును మెత్తబరుస్తాయి. ఇంజనుకు టర్బో చేసేది ఆ తిత్తి పనియే. ఇంజనులో ఎక్కువ ఇంధనము కాల్చాలంటే ఎక్కువ గాలి కావాలి. పొగగొట్టము గుండా ఊరికే బయటకు పోయే వేడి వాయువు ఒక చిన్న చక్రమును తిప్పుతుంది. అదే ఇరుసు రెండవ చివర ఉన్న మరొక చక్రము బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజను లోపలికి నెట్టుతుంది. పారవేసే దానితోనే పని చేయించుకోవడము ఇందులోని తెలివి. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుఖీ ఈ ఉపాయానికి 1905లో పేటెంటు తీసుకున్నాడు.

క్వాలిస్ డీజిలు ఇంజనుకు టర్బో లేదు, దాని బలము సుమారు 75 హార్స్‌పవర్. ఇన్నోవా 2.5 లీటర్ల డీజిలు ఇంజను దానికన్నా ఏమంత పెద్దది కాదు, అయినను బలము సుమారు 100 హార్స్‌పవర్. టర్బోతో పాటు, డీజిలును గొప్ప ఒత్తిడితో సన్నగా చిమ్మే కామన్ రైల్ పద్ధతి కూడా ఇందుకు కారణము.

ఆ చిన్న ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. ఒక ప్రక్క నిప్పుల వంటి వేడి, మరొక ప్రక్క చల్లగాలి. మధ్యలో దానిని కాపాడేది సన్నని ఇంజన్ ఆయిల్ పొర మాత్రమే. ఆయిల్ నల్లబడి చిక్కబడినా, చాలకపోయినా ఇరుసు అరుగుతుంది. అందుకే ఘాటు ఎక్కి వచ్చిన బండిని, హైవే మీద గట్టిగా పరుగెత్తిన బండిని వెంటనే ఆపివేయక, ఒక నిమిషము నెమ్మదిగా తిరగనిచ్చి తాళము తీయాలని మేస్త్రీలు చెప్తారు. ఇది విన్న తరువాత మా కుటుంబములో బండి నడిపేవారంతా ఆ అలవాటు చేసుకున్నారు.

బలమునకు సరిపడే కట్టు

టర్బోతో బండ్లకు బలము పెంచడములో జపాన్ వారు పేరు పొందారు. అక్కడ టర్బో పెట్టిన మొదటి కార్లను నిస్సాన్ కంపెనీ 1979లో అమ్మింది. 1989లో అదే కంపెనీ వారి స్కైలైన్ జీటీఆర్‌కు 2.6 లీటర్ల ఇంజను, రెండు టర్బోలు పెట్టారు. ఆ కాలములోనే అక్కడి కంపెనీలన్నీ 280 హార్స్‌పవర్‌కు మించి చెప్పకూడదని తమలో తాము ఒక మాట అనుకొని, 2004 వరకు దానికి కట్టుబడ్డాయి. కాని ఆ ఇంజన్లలో ఇంకా ఎక్కువ బలము తీసే వీలున్నదని కుర్రకారుకు తెలుసు. అందుచేత పెద్ద టర్బో, పెద్ద గాలి గొట్టము, గట్టి క్లచ్చు వంటివి అమ్మే దుకాణాలు ఊరూరా వెలిశాయి. విప్పిన పాత సామాను అమ్మడము, వేరొకరు విప్పినది కొనడము అదే ఒక సంత అయినది.

మా యువకుని మేనమామ కొడుకు అమెరికాలో టెక్సస్‌లో ఉద్యోగము చేస్తున్నాడు. అతనికి సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ అనే జపాన్ కారు ఉన్నది. 2 లీటర్ల ఇంజను, టర్బో, 268 హార్స్‌పవర్. దానికి అతడు చేసే మార్పుల వీడియోలు రాత్రిళ్లు ఇక్కడికి వస్తాయి. మావాడు అవి చూసి నిద్రపోడు. అన్న చేసినది తానెందుకు చేయకూడదు అన్నది అతని ప్రశ్న.

మేము వద్దు అనలేదు, ఔను అనలేదు. ఒక నోటుబుక్కు తెప్పించి లెక్క వ్రాయమన్నాము. మ్యాపింగు అంటే ఇంజనును నడిపే చిన్న కంప్యూటరులోని లెక్కలు మార్చి, టర్బో ఒత్తిడి, డీజిలు పెంచడము. అది మొదటి వరుస. ఇంజను ఎక్కువ గుంజితే క్లచ్చు జారుతుంది గనుక గట్టి క్లచ్చు రెండవ వరుస. అదిమిన గాలి వేడెక్కుతుంది గనుక దానిని చల్లార్చే ఇంటర్‌కూలర్ మూడవది. డీజిలు ఎక్కువ చిమ్మడానికి ఇంజెక్టర్లు నాలుగవది. అప్పుడు తండ్రి, అంతవరకు మాట్లాడనివాడు, "ఆపేదానికి ఏం రాసినవు బిడ్డా?" అని అడిగాడు. కొడుకు పెన్ను ఆగింది. బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ ఆ పేజీలో లేనే లేవు.

పాఠకులారా, వేగము రెండింతలైతే బండి ఆగడానికి కావలసిన బ్రేకింగ్ దూరము రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలు. గంటకు 40 కిలోమీటర్లతో పోయే బండికి, 80తో పోయే బండికి ఉన్న తేడా అది. మా దారులలో గొర్రెల మంద అడ్డము వస్తుంది, వడ్లు ఆరబోసి ఉంటాయి, లైటు లేని ట్రాక్టరు ట్రాలీ నిలిచి ఉంటుంది. ఇంజనుకు కోడెదూడ బలము ఇచ్చి, పగ్గము మాత్రము పాతదే ఉంచితే ఏమవుతుందో వ్యవసాయము చేసేవారికి మేము చెప్పనక్కరలేదు.

చట్టము చెప్పేది

రెండవ సంగతి చట్టము. మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము, కంపెనీ వారు మొదట నిర్ణయించిన వివరాలకు భిన్నముగా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన ఒక కేసులో ఈ మాటనే స్థిరపరచింది. అదే సంవత్సరము వచ్చిన సవరణ చట్టము, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని చేర్చింది. భద్రతకు ముఖ్యమైనవని ప్రభుత్వము ప్రకటించిన సామానులను నిబంధనలకు విరుద్ధముగా అమ్మేవారికి ఒక సంవత్సరము వరకు జైలు గాని, ఒక్కొక్క సామానుకు లక్ష రూపాయల జరిమానా గాని ఉండవచ్చును. ఇవన్నీ తప్పించుకున్నా, చెప్పని మార్పు ఉన్న బండికి ప్రమాదము జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ డబ్బు ఇవ్వడానికి నిరాకరించవచ్చును. అప్పుడు నష్టపోయేది బలము కోరుకున్నవాడు మాత్రమే కాదు. కిరాయి ఇచ్చి నమ్మి ఎక్కిన కుటుంబము కూడ నష్టపోతుంది.

అట్లని మార్పు అన్నదే తప్పు అని మేము చెప్పడము లేదు. వికలాంగులు తామే నడుపుకొనేలా బండిని మార్చుకోవడానికి, ఆమోదము పొందిన గ్యాస్ కిట్టు పెట్టించుకోవడానికి చట్టములోనే దారి ఉన్నది. ఆ దారిలో మొదటి మెట్టు ఆర్టీఏ ఆఫీసుకు పోయి చెప్పడము, మార్పును రిజిస్ట్రేషన్ పత్రములో వ్రాయించడము. అమెరికాలో కూడ ఇష్టము వచ్చినట్లు లేదు. పొగను శుద్ధి చేసే సామానును తొలగించడము అక్కడి గాలి పరిశుభ్రత చట్టము క్రింద చట్టవిరుద్ధమే. టెక్సస్ అబ్బాయి ఫోనులో ఆ మాట తానే చెప్పి, "నా బండిల నేనొక్కన్నే ఎక్కుత తమ్మీ. నీ బండిల ఊరంత ఎక్కుతది" అన్నాడు. మా మాటలన్నిటికంటె ఆ మాట మా యువకుని మీద ఎక్కువ పనిచేసింది.

చివరకు తల్లి చిట్టీ ఎత్తి ఇచ్చింది. అయితే డబ్బు పోయినది మ్యాపింగుకు కాదు. నాలుగు టైర్లు, బ్రేకులు, క్లచ్చు, అరిగిపోయిన పాత టర్బో స్థానములో కంపెనీ వారు చెప్పిన అదే కొలత కొత్త టర్బో. బండి మొదట తయారైనప్పుడు ఎంత గుంజేదో మళ్లీ అంత గుంజింది. పాత ఇన్నోవాలు నీరసపడినవని అనుకొనేవారిలో చాలామందికి కావలసినది క్రొత్త బలము కాదు, పోయిన బలము తిరిగి రావడమే అని ఆ తండ్రి అంటాడు.

పెబ్బేరు సంత, షెడ్డు బేరము

అసలు పరీక్ష తరువాత వచ్చింది. విప్పిన పాత టర్బో షెడ్డులో బల్ల మీద ఉన్నది. కిరోసిన్‌తో కడిగి తుడిచేసరికి క్రొత్తదానివలె మెరుస్తున్నది. కొల్లాపూర్ వైపు నుండి ఒక డ్రైవరు వచ్చాడు. అతని బండి టర్బో పోయింది, క్రొత్తది కొనే స్తోమత లేదు. మెరుస్తున్న సామాను చూసి ధర అడిగాడు. అబ్బాయికి ఆ డబ్బు ఎంతో అవసరము. "మంచిగనే ఉన్నదన్నా" అనే మాట నాలుక చివరకు వచ్చింది.

మా వైపు శనివారము పెబ్బేరు సంతకు పోయినవారికి ఎద్దుల బేరము తెలుసు. కొనేవాడు ముందు నోరు తెరచి పండ్లు చూస్తాడు. రెండు పండ్లా, నాలుగా, ఆరా, వయస్సు అక్కడ దాగదు. నడిపించి కుంటు చూస్తాడు, మెడ మీద కాడి కాయ చూస్తాడు. ధర తువ్వాలు క్రింద వేళ్లతో మాట్లాడుకున్నా, ఎద్దు మాత్రము అందరి కండ్ల ఎదుటనే ఉంటుంది. ఇంజను సామానుకు పండ్లు లేవు. ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో దాని ముఖము మీద వ్రాసి ఉండదు. బండి మీటరునే వెనుకకు తిప్పే మోసగాండ్లు ఉన్న కాలము ఇది. పైన పటారం, లోన లొటారం అన్న మన సామెత సెకండ్‌హ్యాండు సామానుకు సరిగ్గా సరిపోతుంది. కొనేవానికి ఉన్న కన్ను ఒక్కటే, అమ్మేవాని నోరు.

అప్పుడు తండ్రి లేచి ఆ టర్బోను చేతిలోకి తీసుకొని, ఇరుసు కొనను వేళ్లతో పట్టి అటూ ఇటూ కదిపాడు. అది ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఊగింది. చక్రము రెక్క లోపలి గోడకు తగులుతున్నది. ఆయన దానిని కొడుకు చేతిలో పెట్టి, "ఆ బండిల రేపు నీ చెల్లె ఎక్కుతదనుకో. గప్పుడు గూడ మంచిగనే ఉన్నదంటవా?" అన్నాడు.

ఆ ప్రశ్న ఎందుకు అంత బరువైనదో చెప్పాలి. అరిగిన ఇరుసు ప్రక్కన సీలు కారితే ఇంజన్ ఆయిల్ గాలి గొట్టములోనికి పోతుంది. డీజిలు ఇంజను ఆ ఆయిలునే ఇంధనముగా కాల్చుకొని, డ్రైవరు కాలు తీసినా, తాళము తీసినా ఆగక, తనంతట తాను పిచ్చిగా తిరగవచ్చును. రెక్క విరిగితే ఆ ముక్కలు ఇంజను లోపలికి పోవచ్చును. ఇవి ప్రతిరోజూ జరిగేవి కావు. జరిగిన రోజున బండిలో ఉండేవారికి మాత్రము, ఆ టర్బో ఎవరి షెడ్డులో ఎంత తళతళలాడినదో తెలియదు.

అబ్బాయి డ్రైవరుతో ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. ఇరుసు అరిగినది, ఇట్లే బిగించకూడదు, లోపలి కోర్ క్రొత్తది వేయించి బ్యాలెన్సు చేయిస్తే పనికివస్తుంది, బయటి గుల్ల మాత్రము బాగున్నది అన్నాడు. ధర సగానికంటె తగ్గింది. డ్రైవరు కొంతసేపు ఊరుకొని, "తమ్మీ, నువ్వు చెప్పకుంటె నాకు తెల్వకపోవు" అని, ఆ తగ్గిన ధర ఇచ్చి తీసుకొని పోయాడు. కోర్ వేయించాడు. తరువాత ఆయనే ఇద్దరు డ్రైవర్లను ఈ షెడ్డుకు పంపాడు. ఇద్దరు రావడము గొప్ప లాభము కాదు, ఆ నెల షెడ్డు కిరాయి కష్టముగానే కట్టారు. దానిని దాచి, నిజాయితీ వెంటనే ధనవంతులను చేస్తుందని మేము వ్రాయము.

దాచడము పెద్ద కంపెనీలను కూడ కూల్చిన సంగతి వినండి. జపాన్‌లో తకాటా అనే కంపెనీ కార్లకు ఎయిర్‌బ్యాగులు తయారుచేసేది. ప్రమాదములో మనిషిని కాపాడవలసిన ఆ సంచి లోపలి పరికరము కొన్ని కార్లలో పగిలి, ఇనుప ముక్కలు చిమ్మి మనుష్యులను చంపింది. పరీక్షలలో వచ్చిన ఫలితాలను కంపెనీ వారు మార్చి చూపించారు. 2017లో అమెరికా న్యాయస్థానములో నేరము ఒప్పుకొన్నారు. 100 కోట్ల డాలర్ల భారము పడింది. ఆ సంవత్సరము జూన్‌లో దివాలా తీశారు. లక్షల కొద్దీ ఎయిర్‌బ్యాగులు చేసిన కంపెనీకైనా, పాన్‌గల్ రేకుల షెడ్డుకైనా ఉన్న ప్రశ్న ఒక్కటే. లోపల ఉన్నది తెలిసి కూడ చెప్పామా, లేదా?

ఇంటింటికి కొన్ని మాటలు

ఇప్పుడు ఆ షెడ్డులో ఏ సామాను అమ్మినా ఒక చీటీ వ్రాసి ఇస్తారు. ఏ సంవత్సరపు బండి నుండి తీసినది, ఎన్ని కిలోమీటర్లు తిరిగినది, ఎందుకు విప్పారు, ఏమి లోపము ఉన్నది అనే నాలుగు సంగతులు అందులో ఉంటాయి. తెలియనిది ఉంటే తెలియదు అని వ్రాస్తారు. తప్పు కలిపే అవకాశము ఉండకుండా సామాను మీద చెక్కిన నంబరు కూడ వ్రాస్తారు. మన సంఘాలలో మెకానిక్కు పని చేసే తమ్ముళ్లు ఈ అలవాటు చేసుకొంటే మంచిది.

కొనేవారు కూడ జాగ్రత్త పడాలి. తలుపు, బానెట్టు, సీటు, అద్దము వంటివి పాతవి కొనవచ్చును, కంటికి కనబడతాయి. బ్రేకు లైనింగు, టైమింగ్ బెల్టు, ఎయిర్‌బ్యాగు వంటివి ఎంత చవుకగా వచ్చినా పాతవి కొనకండి. పాత టర్బో కొనేటప్పుడు ఇరుసు కదిపి చూడండి, గాలి గొట్టము ప్రక్క ఆయిల్ తడి ఉన్నదేమో వేలు పెట్టి చూడండి, నంబరు మీ బండి దానితో సరిపోయినదో లేదో చూడండి. హైదరాబాదు రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాలకు పోయినా, విజయవాడ ఆటోనగర్‌కు పోయినా కొన్న సామానుకు బిల్లు అడగండి. బిల్లు లేని చవుక సామాను దొంగ బండిదై ఉంటే, ఆ చిక్కు మీ ఇంటికే వస్తుంది.

తలిదండ్రులారా, పిల్లవాడు బండి పిచ్చిలో పడినాడని మొదటి రోజే కేకలు వేయకండి. ఆ పిచ్చిలోనే వాని విద్య ఉన్నది, రేపటి వాని బ్రతుకు ఉన్నది. ప్రక్కన కూర్చొని లెక్క వ్రాయించండి. "ఆపేదానికి ఏం రాసినవు" అని అడగండి. యువకులారా, మీ చేతులలో మంచి పని ఉన్నది, దానిని మేము మెచ్చుకొంటున్నాము. మీరు బిగించిన ప్రతి బోల్టు మీద, మీరు ఎన్నడూ చూడని ఒక తల్లి, ఒక పసిబిడ్డ ఆనుకొని ప్రయాణము చేస్తారు. చెప్పి మార్చండి, చెప్పి అమ్మండి. చెప్పలేని మార్పు ఏదైనా ఉంటే, ఆ పనికి ఆ రోజు పానా పట్టకండి.